పాలకేనులో పోస్టు

గోదారి మధ్యలో ఉన్న మా లంకకి పోస్టు ఎలా వస్తుందో నేను చెబితే అబద్ధమంటారు. నేను చెప్పేవాటిలో అబద్ధాలు ఉంటాయి, కాదనను. కానీ పోస్టు విషయంలో మాత్రం నిజమే నన్ను దాటిపోయింది.

ఒకసారి మా మేనమామ కూతురి పెళ్ళి శుభలేఖ వచ్చింది. తారీఖు చూశాం, నెల చూశాం. ఏడాది చూసే తెలివి ఎవరికుంటుంది? బట్టలు ఇస్త్రీ చేయించుకుని ఇంటిల్లిపాదీ వెళ్ళాం. అక్కడ పందిరి ఉంది, సన్నాయి ఉంది, వంటవాళ్ళు ఉన్నారు. పెళ్ళికూతురు మాత్రం ఒళ్ళో పిల్లాణ్ణి పెట్టుకుని కూర్చుంది. శుభలేఖ రెండేళ్ళ నాటిదట, ఆ రోజు వాడి అన్నప్రాసన. మేం పెళ్ళికని తీసుకెళ్ళిన వెండి కుంకుమభరిణని వాడు ఎంచక్కా నోట్లో పెట్టుకుని చప్పరించాడు. ఇంకో ఆయనకి వ్యవసాయ పత్రిక వచ్చేది. నాట్లు ఎలా వెయ్యాలో చెప్పే సంచిక కోతలయ్యాక అందేది. ఆయన దాన్ని దాచుకుని పై ఏడాదికి చదువుకునేవాడు.

నా పేరు గణేష్‌బాబు. రేవులో ఇంజను పడవ నాది. చదువు తొమ్మిదిలో ఆగింది. నేనే ఆపాను, పాపం మాస్టార్లకి చెప్పడానికి ఏమీ మిగలడం లేదని. మొన్నటి పెద్ద వరదలో నడి గోదాట్లో ఇంజను చచ్చిపోతే పులసలు రెండు వరసలు కట్టి నా పడవని ఒడ్డుకి నెట్టాయి. నమ్మనివాళ్ళు పులసలనే అడగొచ్చు. సరే, అది అలా ఉంచండి. ఇది నా కథ కాదు, బుల్లిబాబు కథ.

బుల్లిబాబు పేరుకే బుల్లి. అతను ఎక్కితే నా పడవ ఒక పక్కకి ఒరుగుతుంది, రెండో పక్కన నేను ఇద్దర్ని కూర్చోబెట్టాలి. ఆరు గేదెలున్నాయి. తెల్లారగట్ల పాలు పితికి, కేన్లు నా పడవలో వేసుకుని గోదారి దాటి, రేవులో పెట్టుకున్న మోపెడ్ మీద పాలకొల్లు వెళ్ళి టిఫిన్ హోటళ్ళకి పోసి మధ్యాహ్నానికి వెనక్కి వస్తాడు. సాయంత్రం పాలు మా లంకలోనే ఇళ్ళకి పోస్తాడు. ఆ పాలల్లో నీళ్ళ సంగతి అందరికీ తెలుసు. "ఏరా బావా, ఇవాళ గోదారిలో నీటిమట్టం తగ్గింది, నీ పాలు పెరిగాయా?" అని నేను అడిగేవాణ్ణి. "గంగమ్మ తల్లి కదరా, పుణ్యం" అనేవాడు. ఏమీ అనుకోడు. నవ్వితే పొట్ట కదిలేది.

మా లంకలో పోస్టాఫీసు లేదు. అది అవతల గట్టు మీది ఊళ్ళో ఉంది. పాలకొల్లు నుంచి సంచీ అక్కడిదాకా వస్తుంది. అక్కణ్ణుంచి మా దగ్గరకి రావాలంటే పాయ దాటాలి. పోస్టు మనిషి రోజూ దాటి ఎవరి ఉత్తరం వాళ్ళ చేతికివ్వాలని రూలుందట. ఆ రూలు రాసినాయన ఎప్పుడైనా మా పడవ ఎక్కాడో లేదో తెలియదు. వెనక పనిచేసిన చంద్రరావు గారికి మోకాళ్ళ నొప్పులు. పడవ ఎక్కలేడు, ఎక్కితే దిగలేడు. ఆయనే ఈ ఏర్పాటు కనిపెట్టాడు. పాలకొల్లు నుంచి ఖాళీ కేన్లతో తిరిగి వచ్చే బుల్లిబాబు పోస్టాఫీసు ముందు మోపెడ్ ఆపుతాడు. లంక ఉత్తరాలన్నీ ఒక కేనులో పడేస్తారు. మూత బిగిస్తే వాన పడదు, గాలికి ఎగరవు, పడవ తుంపర తగలదు. సాయంత్రం పాలు పోస్తూ ఇంటింటికీ ఇచ్చేస్తాడు. దాంతో మా లంకలో కరెంటు నోటీసు కూడా వెన్న వాసన వేసేది. బ్యాంకు వాళ్ళు పంపిన కాగితాన్ని దూడ ఎంత ప్రేమగా నాకిందో నేను కళ్ళారా చూశాను.

అయితే గేదె ఈనితే బుల్లిబాబు పాలకొల్లు వెళ్ళడు. పోస్టు రాదు. హోటళ్ళు మూస్తే వెళ్ళడు. పోస్టు రాదు. ఒక్కోసారి కేనులో అడుగున అంటుకుపోయిన కవరు కేను కడిగాక ముద్దగా బయటపడేది. తిట్లు మాత్రం ఎప్పుడూ బుల్లిబాబుకి తగల్లేదు. తిట్లన్నీ పోస్టాఫీసుకి, టీలన్నీ బుల్లిబాబుకి.

చంద్రరావు గారు రిటైరయ్యాక హారతి వచ్చింది. జంగారెడ్డిగూడెం అవతల మెట్ట ఊరి పిల్ల. పదో తరగతి మార్కులు చూసి ఇచ్చిన ఉద్యోగం. ఆ మార్కులు విన్న రోజు నాకు అన్నం సహించలేదు. చదువైతే ఉంది గానీ నీళ్ళంటే బావిలో తప్ప చూడలేదు. మొదటి రోజు రేవుకి వచ్చి ఒక కాలు పడవలో పెట్టింది. పడవ ఊగింది. పెట్టిన కాలు వెనక్కి తీసేసుకుంది. "లంక సంగతి బుల్లిబాబు చూసుకుంటాడమ్మా, నువ్వు బెంగపెట్టుకోకు" అని చంద్రరావు గారు చెప్పి వెళ్ళాడట. ఆ మాట పట్టుకుని ఆ అమ్మాయి ఏర్పాటుని అలాగే సాగనిచ్చింది. బుల్లిబాబుని "బాబాయ్" అనేది. సంతకం కావలసినవి వస్తే తన ఫోను అతని ముందు పెట్టేది. బుల్లిబాబు ఆ అద్దం మీద వేలితో ఒక గీత గీసేవాడు, వానపాము పాకినట్టు. ఎవరి పేరైనా అదే వానపాము.

ఇక జగన్నాథరావు గారి సంగతి. కొబ్బరితోట ఉన్న పెద్దమనిషి. గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల తగాదా అయినా మా లంకలో అందరూ ఆయన అరుగు ఎక్కాల్సిందే. ఇద్దరూ చెప్పేది పూర్తిగా విని గానీ నోరు విప్పడు. చెవులు మందగించాక మిషను పెట్టుకున్నాడు. చిక్కుడు గింజంత ఉంటుంది. రోజూ సాయంత్రం మనవరాలు ఫోను చేసి బళ్ళో నేర్చుకున్న పద్యం చెప్పేది. ఆయన అది విని, తప్పులు దిద్ది, ఆ తర్వాతే భోజనం చేసేవాడు. శ్రావణ మాసంలో ఆ మిషను పాడైంది. హైదరాబాదులో కంపెనీకి పంపారు. బాగుచేసి పోస్టులో పంపుతామన్నారు. అప్పట్నుంచీ ఆయనతో ఎవరు మాట్లాడాలన్నా కొబ్బరిచెట్టెక్కినవాణ్ణి పిలిచినట్టు కేకలు పెట్టాలి. తగాదాలన్నీ ఆగిపోయాయి. తిట్టుకున్నవాళ్ళే మళ్ళీ వాటిని అంత గట్టిగా అరిచి చెప్పడానికి సిగ్గుపడ్డారు. వాళ్ళావిడ ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టినా మనవరాలి పద్యం ఆయనకి వినపడేది కాదు.

మిషను వచ్చింది. హారతి దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి బుల్లిబాబు చేతికిచ్చింది. "బాబాయ్, జగన్నాథరావు గారిది, జాగ్రత్త" అంది. బుల్లిబాబు వానపాము గీసి డబ్బాని కేనులో వేశాడు. ఆ రోజు ముసురు. లంకలో దిగి చూస్తే జగన్నాథరావు గారి ఇంటికి తాళం వేసి ఉంది. ఆయనా, వాళ్ళావిడా పాలకొల్లు గుడికి వెళ్ళారు. సాయంత్రం పాలతోపాటు ఇద్దాంలే అనుకుని బుల్లిబాబు కేన్లు పెరట్లో దించి నడుం వాల్చాడు.

పాల కేన్లకి రోజూ ఒక సేవ ఉంటుంది. సోడా వేసి కళపెళ మరిగిన నీళ్ళు అందులో పోసి, మూత బిగించి కాసేపు వదిలెయ్యాలి. లేకపోతే మర్నాటి పాలు విరిగిపోతాయి. ఆ పని బుల్లిబాబు భార్య తలుపులమ్మది. మామూలుగా పోస్టు కేనుని అతనే ఖాళీ చేసి ఆమె ముందు పెడతాడు. ఆ రోజు పెట్టలేదు. ఆమె చూడలేదు. మరిగే నీళ్ళ గిన్నె మూత తియ్యగానే ముఖం నిండా ఆవిరి. కేనులో పోసింది, మూత బిగించింది.

బుల్లిబాబు లేచి కేను వంచేసరికి అట్టపెట్టె గంజిలా జారి పడింది. అందులోంచి చెవి మిషను ఉడికిన రొయ్యలా వంకర తిరిగి బయటికొచ్చింది.

"అయ్యబాబోయ్, ఏంటండీ ఇది?" అని తలుపులమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అరవకే. ఎవరికీ చెప్పకు. నేను చూసుకుంటాను" అన్నాడు బుల్లిబాబు. చూసుకోవడమంటే దాన్ని గుడ్డలో మూటగట్టి గేదెల పాక చూరులో దోపడం.

ఆ సాయంత్రం జగన్నాథరావు గారు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "ఒరేయ్ బుల్లీ, నా మిషనేమన్నా వచ్చిందా?" అని అడిగాడు. బుల్లిబాబు తల అడ్డంగా ఊపాడు. అంతే. వినపడని మనిషికి అబద్ధం చెప్పడానికి నోరు కూడా అక్కర్లేదు. ఆయన నిట్టూర్చి, "వీళ్ళ పోస్టు తగలడా! నువ్వు మాత్రం ఏం చేస్తావులే. ఈ లంకలో నమ్మడానికి నువ్వొక్కడివి ఉన్నావు" అని బుల్లిబాబు భుజం తట్టాడు.

ఆ మర్నాటి నుంచి మా లంకలో ఒక వింత జరిగింది. పాలు చిక్కబడ్డాయి. నేను చెప్పే వింతలన్నింటిలోకీ ఇది పెద్దది, పైగా దీనికి సాక్షులున్నారు. మీగడ చెంచాతో తీస్తే దుప్పటిలా లేచింది. మా ఇంట్లో టీ రంగు మారితే మా ఆవిడ గిన్నె మారిందేమో అని వెతికింది. జగన్నాథరావు గారికైతే కొలత మీద కొలత కొసరు. నేను బుల్లిబాబుని పడవలో పట్టుకున్నాను.

"ఏరా బావా, గంగమ్మ తల్లి అలిగిందా? పాలల్లోకి రావడం మానేసింది?"

నవ్వలేదు. పొట్ట కదల్లేదు. నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. నాకు నచ్చలేదు. నా మాటకి నవ్వని మనిషిని నేను అంతదాకా చూడలేదు.

ఈలోపు జగన్నాథరావు గారి అల్లుడు కంపెనీకి ఫోను చేశాడు. పోస్టువాళ్ళ లెక్కలో అందినట్టే ఉందనీ, సంతకం కూడా ఉందనీ చెప్పారు. ఆ కబురు కాగితం మీద రాసి చూపిస్తే ఆయన ముఖం ఎర్రబడింది. "సంతకం నేను పెట్టలేదు. మిషను నాకు రాలేదు. అంటే ఆ పిల్లే కాజేసింది" అన్నాడు. చెవులు వినపడని మనిషి మాట గట్టిగా ఉంటుంది. ఊరంతా వింది.

పోస్టు మీద ఎన్నేళ్ళ కోపమో అందరికీ. ఆ ఒక్క మాటతో అది కట్ట తెగింది. రాని ఏటీఎం కార్డులు, చిరిగిన పుస్తకాలు, కాపరానికి వెళ్ళిన తర్వాత వచ్చిన పెళ్ళి సంబంధాలు, ఎవరి గోడు వాళ్ళు తెచ్చి జగన్నాథరావు గారి అరుగు మీద పోశారు. పై ఆఫీసుకి అర్జీ రాశారు. మొదటి సంతకం నాది. తోక ఉన్న సంతకం పెట్టాను, గాలిపటం తోకలాంటిది. నాకు పోస్టు మీద కోపం కంటే ఆ సంతకం మీద మోజు ఎక్కువ. కాగితం బుల్లిబాబు దగ్గరకి వెళ్ళింది. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదంటారు. పెట్టాడు. పెట్టి కలం మూత పెట్టడం మర్చిపోయి జేబులో వేసుకున్నాడు. చొక్కా మీద నల్ల మరక పాకింది.

మర్నాడు తిరుగు పడవలో మేమిద్దరమే ఉన్నాం. నడి పాయలో ఉండగా బుల్లిబాబు ఏదో అన్నాడు. ఇంజను చప్పుడులో వినపడలేదు. ఇంజను ఆపాను. పడవ నీటివాలుకి జారుతోంది. అప్పుడు చెప్పాడు, కేను, సోడా నీళ్ళు, చూరు, అన్నీ.

"మరి ఆ అమ్మాయి అడగలేదా నిన్ను?" అన్నాను.

"అడిగింది. అరుగు మీద పెట్టాను, ఎవరు తీశారో తెలీదన్నాను. నమ్మేసిందిరా. నిజంగానే నమ్మేసింది. 'పోనీలెండి బాబాయ్, మీరేం చేస్తారు' అంది."

"చెప్పెయ్యి బావా, ఆ పిల్ల ఉద్యోగం పోయే సంగతి."

"చెబితే దానికే ముప్పురా. చేతికివ్వాల్సింది నాకెందుకిచ్చావంటారు. నేను నోరు మూసుకుంటేనే మంచిదేమో."

"నీ భయానికి ఆ పిల్ల పేరు పెట్టకు" అన్నాను.

ఇలాంటి మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. మాస్టార్లు వింటే చదువాపినందుకు బాధపడేవారు. బుల్లిబాబు తల దించుకున్నాడు. నేను ఇంజను తాడు లాగాను. అర్జీ మీద నా గాలిపటం తోక గుర్తొచ్చి ఒడ్డు చేరేదాకా అతని ముఖం చూడలేదు.

రెండో రోజు బుల్లిబాబు తేలిగ్గా నడుస్తూ రేవుకి వచ్చాడు. పాలతో నిండిన కేన్లు కూడా గాల్లో ఊగుతున్నాయి.

"చెప్పేశానురా" అన్నాడు.

"ఎవరికి?"

"జగన్నాథరావు గారికి. నిన్న సాయంత్రం పాలు పోసి, గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పేశాను. పెదనాన్నగారూ, తప్పైపోయింది, క్షమించండని కూడా అన్నాను."

"ఏమన్నారు?"

"మంచిదే, మంచిదే అన్నారు. గిన్నె తీసుకుని లోపలికెళ్ళిపోయారు. నిన్న హాయిగా నిద్రపట్టిందిరా."

"గట్టిగా చెప్పావా, ఇప్పుడు నాతో చెప్పినట్టు చెప్పావా?"

కేన్లు ఊగడం ఆగింది.

"బావా, ఆయనకి పక్కన ఉరుము ఉరిమితే ఎవరో తుమ్మారనుకుంటాడు. నువ్వు పాలు చిక్కగా ఉన్నాయా అని అడిగావనుకుని మంచిదే అన్నాడు. నువ్వు చెప్పింది ఆయనకి కాదు, గుమ్మానికి."

బుల్లిబాబు కేన్లు కింద పెట్టాడు. "గట్టిగా చెబితే ఊరంతా వినపడుద్ది కదరా" అన్నాడు చిన్న గొంతుతో. అంత మనిషి ఆ క్షణంలో నిజంగా బుల్లిబాబులా కనిపించాడు.

తర్వాతి వారం ఇన్‌స్పెక్టర్ గారు విచారణకి వచ్చారు. వెంట హారతి. ఆ అమ్మాయి మా పడవ ఎక్కడం అదే మొదలు. బల్లని రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. బుల్లిబాబు కూడా అదే పడవలో ఖాళీ కేన్ల మధ్య కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ గారు ముందు వైపు ఫోను చూసుకుంటున్నారు. సగం దూరం వచ్చాక హారతి కళ్ళు తెరవకుండానే నెమ్మదిగా అంది.

"బాబాయ్, మీ పేరు నేనింకా చెప్పలేదు. నేనే ఇంటికెళ్ళి ఇచ్చానని రాసిచ్చాను. మీకిచ్చానంటే రూలు తప్పినట్టవుద్దని భయమేసింది. ఇప్పుడేమో దొంగనంటున్నారు. ఆ అరుగు మీద ఏ మూల పెట్టారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి బాబాయ్. మా నాన్న అడిగితే ఏం చెప్పాలో తెలీడం లేదు."

బుల్లిబాబు నా వైపు చూశాడు. నేను చుక్కాని వైపు చూశాను. ఎవరికైనా నవ్వు తెప్పించే మాట ఒకటి నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఆ పూట లేదు.

జగన్నాథరావు గారి అరుగు చుట్టూ జనం. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ గారు అడిగేవి కాగితం మీద రాసి చూపిస్తున్నారు, ఆయన నోటితో జవాబు చెబుతున్నాడు. హారతి అరుగు కింద నిలబడింది. పడవ దిగినా ఇంకా ఊగుతున్నట్టు స్తంభం పట్టుకుంది. జగన్నాథరావు గారు ఆ అమ్మాయిని వేలెత్తి చూపించి, "మా మనవరాలి గొంతు విని నెల దాటింది. ఆ గొంతు నువ్వు అమ్ముకున్నావు. దొంగవి" అన్నాడు.

 హారతి స్తంభాన్ని రెండో చేత్తో కూడా పట్టుకుంది.

"ఆ పిల్ల కాదు పెదనాన్నగారూ" అన్నాడు వెనక నుంచి బుల్లిబాబు. జనం పక్కకి తప్పుకుంటే ముందుకి వచ్చాడు. "ఆ రోజు ముసురండి, తమరి ఇంటికి తాళం వేసుంది, సాయంత్రం పాలతో ఇద్దామని కేనులోనే ఉంచాను, మా ఆవిడ చూసుకోలేదు, వేడినీళ్ళు పోసేసింది..."

"ఏంటీ?" అన్నాడు జగన్నాథరావు గారు, చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని.

బుల్లిబాబు గొంతు పెంచాడు. "మిషను నాకిచ్చిందండీ ఆ అమ్మాయి! కేనులో ఉండిపోయింది! వేడినీళ్ళు పడ్డాయి!"

"ఏంటిరా? వేడినీళ్ళేంటి?"

 బుల్లిబాబు మెడలో నరాలు లేచాయి. మూడోసారి అరిచేటప్పటికి ముసురు లేదు, తాళం లేదు, తలుపులమ్మ లేదు.

"నేనే పాడుచేశాను! నేనే దాచాను! మీతో అబద్ధమాడాను! ఆ పిల్ల దొంగ కాదు!"

మా లంక చివర పడవలు కట్టేసుకునేవాళ్ళకి కూడా ఆ మాట వినపడిందట. నేను ఒకటికి పది కలిపి చెబుతానంటారు. ఈ మాటకి ఏమీ కలపలేదు.

జగన్నాథరావు గారికి వినపడింది.  "ఎక్కడుంది?" అని అడిగాడు. బుల్లిబాబు పరుగెత్తి పాక చూరులోంచి మూట తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన గుడ్డ విప్పాడు. వంకర తిరిగిన ఆ ముక్కని వేళ్ళతో సరిచేసి, చెవిలో పెట్టుకున్నాడు. పెట్టుకుని తల కొంచెం వంచి ఆగాడు, ఏదైనా పలుకుతుందేమో అని. ఎవరూ దగ్గలేదు కూడా. తర్వాత తీసి మళ్ళీ గుడ్డలో చుట్టుకుని, కుర్చీలోంచి లేచి అరుగు అంచుదాకా వచ్చాడు.

"అమ్మా, నిన్నొక మాట అన్నాను" అన్నాడు హారతితో. గొంతు తగ్గించి చెప్పాలనుకున్నాడు, ఆయనకి తగ్గించడం తెలియలేదు. "అది నా నోట్లోంచి రాకుండా ఉండాల్సింది."

బుల్లిబాబుతో మాత్రం ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ సాయంత్రం పాల వేళకి ఆ తలుపు తెరుచుకోలేదు.

ఇన్‌స్పెక్టర్ గారు రాసుకున్నది మాకు తర్వాత తెలిసింది. దొంగతనం లేదు. కానీ చేతికివ్వాల్సిన సామాను వేరేవాళ్ళకి అప్పగించినందుకు, ఇంట్లో ఇచ్చానని తప్పు రాసిచ్చినందుకు హారతిని కొన్నాళ్ళు పనిలోంచి పక్కన పెట్టారు. బుల్లిబాబు రేవులో ఇన్‌స్పెక్టర్ గారి కాళ్ళ మీద పడబోయాడు. "తప్పు నాది కదండీ, నన్ను వేయండి శిక్ష" అన్నాడు. "మీరు మా మనిషి కాదు కదండీ, మీకు నేనేం వెయ్యను?" అన్నారాయన విసుగ్గా. ఆ మాట బుల్లిబాబుని అన్ని తిట్లకన్నా ఎక్కువ పీకింది. జరిమానా వేస్తే కట్టేవాడు. రెండు తగిలిస్తే కాచుకునేవాడు. అసలు ఏమీ లేకుండా పంపేశారు.

ఆ అమ్మాయి జంగారెడ్డిగూడెం వెళ్ళిపోయిన నెలల్లో మా లంక పోస్టుని మేమే గోదారి దాటి తెచ్చుకున్నాం. బుల్లిబాబు పోస్టాఫీసు ముందు మోపెడ్ ఆపడం మానేశాడు. అటు చూడకుండా వెళ్ళేవాడు. కొత్తగా చూలు కట్టిన గేదెని అమ్మి జగన్నాథరావు గారికి కొత్త మిషను కొన్నాడు. ఆయన్ని రాజమండ్రి తీసుకెళ్ళి చెవికి కొలత తీయించాడు. రానూపోనూ ఆయన బస్సు కిటికీ వైపు కూర్చున్నాడట. మిషను పెట్టుకున్నాడు. ఇప్పుడు అన్నీ వినపడతాయి. తగాదాలు మళ్ళీ మొదలయ్యాయి. మనవరాలి పద్యాలూ మొదలయ్యాయి. బుల్లిబాబు గుమ్మంలోకి వచ్చి "పాలండీ" అంటే మాత్రం గిన్నె వాళ్ళావిడ తెస్తుంది.

అర్జీ మీద సంతకాలు పెట్టినవాళ్ళం అందరం కలిసి ఇంకో కాగితం రాశాం, ఆ అమ్మాయిని మళ్ళీ మాకే వెయ్యమని. దాన్ని పోస్టులో వెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలక నేనే బస్సెక్కి పై ఆఫీసులో ఇచ్చి వచ్చాను. అది చూసి వేశారో, వేరే ఎవరూ దొరక్క వేశారో తెలియదు గానీ, సంక్రాంతి వెళ్ళాక హారతి తిరిగి వచ్చింది. ఈసారి లంకకి రోజూ తనే రావాలని రాసిచ్చారు.

మొదటి రోజు రేవులో పడవ ఎక్కడానికి ఆ అమ్మాయికి చాలాసేపు పట్టింది. నేను తొందరపెట్టలేదు. పులసల కథ చెబుదామనుకుని, నడి గోదాట్లో ఇంజను ఆగే సంగతి అందులో ఉందని గుర్తొచ్చి ఊరుకున్నాను. బుల్లిబాబు ముందే కూర్చుని ఉన్నాడు. లేచి అవతలి చివరికి జరిగాడు, పడవ ఆమె వైపు ఒరగకుండా.  ఆమె ఈసారి కళ్ళు మూసుకోలేదు, నీళ్ళనే చూస్తూ కూర్చుంది.

లంక ఒడ్డున ఒండ్రు. దిగేచోట కాలు జారుతుంది. బుల్లిబాబు ముందు దిగి, మోకాలి దాకా బురదలో నిలబడి చెయ్యి చాచాడు.

"సంచి ఇలా ఇవ్వమ్మా. ఒండ్రు జారుద్ది."

హారతి సంచిని ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకుంది.

"వద్దండీ. నేను తెచ్చుకుంటాను."

చెప్పులు చేత్తో పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ దిగింది. ఒకచోట జారబోయి, పడవ తాడు పట్టుకుని నిలదొక్కుకుంది. బుల్లిబాబు చాచిన చెయ్యి అలాగే ఉంది. ఆమె గట్టెక్కి చెప్పులు వేసుకుంటుంటే అతను వెనక నుంచి అడిగాడు.

"అమ్మా, మాకేమన్నా వచ్చాయా?"

ఆమె సంచి తెరిచి ఒక్కొక్కటీ పైకి తీసి చూసింది. ఊరికే చెప్పెయ్యలేదు, నిజంగా వెతికింది.

"మీకేం లేవండీ" అని చెప్పి, జగన్నాథరావు గారి ఇల్లు ఎటని నన్ను అడిగి, ఆ దారిన వెళ్ళింది.